ఎరకయ్య నాలుగువందల పన్నెండు మరణాలు

మంత్రిగారు పరదేశం వెళ్లిన ప్రతిసారీ రాష్ట్రంలో ఒక కొత్త పథకం పుడుతుంది. అంతకుముందు వెళ్లొచ్చి బస్టాండుల్లో పావురాలను పెంచమన్నారు. ఈసారి అక్కడెక్కడో ఒక మ్యూజియం చూసి వచ్చారు. గుర్రాలు, తుపాకులు, ఈకల టోపీలతో ఊరూరా తిరిగి, ఓడలెక్కి సముద్రాలు దాటి ఆడివచ్చిన ఓ పాతకాలపు సరిహద్దు వీరుల ప్రదర్శన తాలూకు మ్యూజియం అది. వాళ్లు గుర్రపు నాడాను కూడా గాజుపెట్టెలో పెట్టారట. ఏ ఏడాది ఏ దేశంలో ఆడారో గోడ మీద దీపాలు వెలుగుతాయట. మంత్రిగారు ఆ దీపాల ముందు అరగంట నిలబడి, విమానం దిగీ దిగగానే, "మనకు లేదా?" అని అడిగారు.

మంత్రి అలా అడిగితే లేదని చెప్పే అధికారి ఇంకా పుట్టలేదు. వెతికారు. వెతగ్గా వెతగ్గా విజయనగరంలో దొరికింది. కొండలరాయుడనే ఆయన పూర్వం 'ఖైబర్ కనుమ మహా ప్రదర్శన' అని ఒక కంపెనీ నడిపాడు. ఆయన ఖైబర్ కనుమను ఒక క్యాలెండరు బొమ్మలో తప్ప చూసినవాడు కాదు. కంపెనీలో ఉన్న ఇరవై ముగ్గురూ చుట్టుపక్కల పల్లెలవాళ్లే. అయినా తలపాగాలు చుట్టి, గడ్డాలు అతికించుకుని, పందొమ్మిది వందల యాభై ఎనిమిది నుంచి అరవై ఒకటి దాకా రంగూన్, మౌల్మీన్, పినాంగ్, ఈపో, సింగపూర్, కొలంబోలలో దుమ్ము లేపి వచ్చారు.

అలా పుట్టిందే 'విదేశీ ప్రదర్శనా యాత్రల చరిత్ర పరిరక్షణ మండలి'. పాత బియ్యం గోదాము ఒకదాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించి, సున్నం కొట్టించి, అందులో బల్లలు వేశారు. డైరెక్టరుగా డాక్టర్ చక్రధరరావుగారు వచ్చారు. వచ్చిన రోజునే ఆయన గోదాములో ఉన్న ప్రతి వస్తువు మీదా 'తాకరాదు' అని బోర్డు పెట్టించారు. బల్లలు పోగా వస్తువులు అప్పటికి రెండే ఉన్నాయి. ఒకటి ఆయన కుర్చీ.

రెండోది ఎరకయ్య తెచ్చిచ్చిన పుస్తకం.

ఆ కంపెనీవాళ్లలో బతికి ఉన్నది ఎరకయ్య ఒక్కడే. ఎనభై మూడేళ్లు. కొండలరాయుడు పోయేముందు తన రోజువారీ పుస్తకాన్ని అతని చేతిలో పెట్టి పోయాడు. అరవై ఏళ్లు దాన్ని చెదపురుగు ముట్టకుండా వేపాకు మధ్య దాచి, మండలి పెట్టారని తెలిసిన వారానికే పట్టుకొచ్చి ఇచ్చాడు. పుస్తకం ఇచ్చినందుకు అతను ఏమీ అడగలేదు. ఒక్క పేరు రాయమన్నాడు, తన అక్కది.

"మా అప్ప పేరు తల్లీ. నూకరత్నం. ఎక్కడో ఓ మూల రాయండి, సాలు," అన్నాడు డాక్యుమెంటేషన్ ఆఫీసరు హిమబిందుతో.

ఆ అమ్మాయి మంచిది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఏం జరిగింది తాతగారూ?" అని అడిగింది. ఆ ఆఫీసులో అలా అడిగిన మనిషి మొదటా చివరా ఆమే.

ఎరకయ్య చెప్పాడు. ఆటలో సర్దార్ జబర్ ఖాన్ అనే బందిపోటు రెండు గుర్రాల మీద చెరో కాలు పెట్టి నిలబడి, మండుతున్న చక్రంలోంచి దూసుకొస్తాడు. ఆ సర్దారు ఎరకయ్య అప్ప నూకరత్నమే. ఆడమనిషని తెలిస్తే జనం నమ్మరని కొండలరాయుడు ఆమెకు మీసం పెట్టాడు. గుర్రపు తోక వెంట్రుకలను తుమ్మబంకతో అతికించేవారు. కంపెనీలో ఆ పని చేయగలిగింది ఆమె ఒక్కతే. ఎరకయ్యది చిన్న వేషం. కావలి బురుజు మీద సిపాయి. సర్దారు చక్రంలోంచి రాగానే తుపాకీ పేలుతుంది. ఎరకయ్య పన్నెండడుగుల ఎత్తు నుంచి గడ్డి మీద పడి చస్తాడు. బ్యాండు ఆగేదాకా చచ్చినవాడు కదలకూడదు. అది కంపెనీ కట్టుబాటు.

"పినాంగులో ఆ పొద్దు ఓ గుర్రం జారిపోనాది తల్లీ. అప్ప పడిపోనాది. నాను పైనుంచి సూసినాను. ఈలోగా తుపాకీ పేలీసింది. పేలితే నాను పడాలి గదా. పడ్డాను. కళ్లు మూసుకొని అలగే ఉన్నాను. పదడుగుల దూరంలో అప్ప మూలుగుతన్నది. బ్యాండు ఆగలేదు. ఆగీసరికి అప్ప నేదు."

హిమబిందు కలం కింద పెట్టేసింది. ఎరకయ్య ఆ రెండు నిమిషాలను అరవై ఏళ్లుగా మోస్తున్నాడు. లేచి ఉంటే ఏమయ్యేదో అతనికి తెలియదు. లేవలేదన్నది మాత్రం తెలుసు. అందుకే ఆమె పేరు ఏదో ఒక కాగితం మీద చూసి పోవాలని కోరిక. మర్నాడు ఆమెను అక్కడే పూడ్చి, సాయంత్రం ఓడెక్కి వచ్చేశారు. పోస్టర్ల మీదా సర్దారు పేరే, టిక్కెట్ల మీదా సర్దారు పేరే. నూకరత్నం అని ఎక్కడా లేదు.

నెల తిరక్కుండా మండలి నుంచి ఎరకయ్యకు కబురు వచ్చింది. పేరు రాసి ఉంటారని కొత్త పంచె కట్టుకుని వెళ్లాడు.

చక్రధరరావుగారు పుస్తకాన్ని తెల్లటి చేతితొడుగులతో తెరిచారు. "మీరు సమర్పించిన దినచర్యా గ్రంథాన్ని మా నిపుణులు ఆమూలాగ్రం పరిశీలించారు. అత్యంత విలువైన ఆధారాలు వెలుగులోకి వచ్చాయి. విదేశీ గడ్డ మీద మరణించినవారి సంఖ్య నాలుగువందల పన్నెండుగా తేలింది."

కంపెనీలో ఉన్నదే ఇరవై ముగ్గురు.

"అంతమందా బాబూ? ఆళ్లంతా ఎవులు?"

"మీరే," అన్నారు డైరెక్టరుగారు.

పుస్తకం చదివి వినిపించారు. కొండలరాయుడు పొదుపైన మనిషి, మాటల్లో కూడా. రంగూన్, వాన, ఎరకయ్య బురదలో చచ్చాడు, జనం మెచ్చారు. మౌల్మీన్, ఎరకయ్య తొందరగా చచ్చాడు, మందలించాను. ఈపో, ఎరకయ్య బాగా చచ్చాడు. సింగపూర్, జనం కోరగా ఎరకయ్య మళ్లీ చచ్చాడు. రోజుకొక పంక్తి. మూడేళ్ల పాటు.

"అది ఆట గదా బాబూ. సచ్చినట్టు పడీవోణ్ని. నానింకా మీ ఎదట కూకునే ఉన్నాను గదేటి."

చక్రధరరావుగారు చిరాకు పడలేదు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. తెలివైనవాడు కాబట్టే డైరెక్టరయ్యాడు. "అది ఆటేనని నాకు తెలుసండీ. ఒక ఉన్నతాధికారిగా నాకు తెలియడం వేరు, ఆధారం ఉండటం వేరు. మా నియమావళిలో ఏడో నిబంధన ఏమంటుందంటే, సమకాలీన లిఖిత ఆధారం లేని ఏ సంఘటనా జరిగినట్టు కాదు. ఆధారం ఉన్న ఏ సంఘటననూ జరగలేదనరాదు. మీరు మరణించినట్టు నాలుగువందల పన్నెండు లిఖిత ఆధారాలున్నాయి. బతికి ఉన్నట్టు ఒక్కటీ లేదు."

"నాను ఉన్నాను గదా?"

"మీరు ఉండటం వర్తమాన సంఘటన. మా పరిధి యాభై ఎనిమిది నుంచి అరవై ఒకటి వరకే."

తన చావుల గురించి ఎరకయ్యకు పెద్ద పట్టింపు లేదు. వాటితోనే అన్నం తిన్నాడు. "పోనీ బాబూ. నాను ఎన్నిమాట్లు సచ్చినా రాసుకోండి. పినాంగులో మా అప్ప నిజంగా సచ్చిపోనాది. అదొక్కటీ రాయండి."

డైరెక్టరుగారు పేజీ తిప్పి ఆ రోజు చూపించారు. 'పినాంగ్. గుర్రం జారింది. రెండో ఆటకు ఆలస్యం లేదు. ఎరకయ్య బాగా చచ్చాడు.'

"చూశారుగా. ఆ రోజు కూడా మరణించింది మీరే," అన్నారు ఆయన, కొంచెం ఓదార్పుగా.

అక్కడి నుంచి పని ఊపందుకుంది. ప్రభుత్వంలో తప్పు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, దానికో ఉపసంఘం వేస్తారు. మరణాల వర్గీకరణ ఉపసంఘం మూడు నెలలు కూర్చుని, బాగా చచ్చినవి, నిదానంగా చచ్చినవి, తొందరపడి చచ్చినవి అని పట్టికలు తయారుచేసింది. సింగపూరులో ఒకే సాయంత్రం రెండుసార్లు చచ్చినదాన్ని ఒకటిగా లెక్కించాలా రెండుగానా అన్న దగ్గర ఇద్దరు ప్రొఫెసర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. విజయనగరంలో, బొబ్బిలిలో, పార్వతీపురంలో చచ్చిన చావులను స్వదేశీ మరణాలని పక్కన పెట్టేశారు. ఆ సంగతి విని ఎరకయ్య కొంచెం నొచ్చుకున్నాడు. బొబ్బిలిలో అతను చాలా బాగా చచ్చాడు.

గోడకు నల్లరాతి పలకలు బిగించి, ఒక్కో చావుకు ఒక్కో పంక్తి చెక్కించాలని తీర్మానించారు. చెక్కడానికి మృతుని వారసుల అంగీకారం కావాలి. మృతుని వారసులెవరని వెతికితే, అతని మరణాల పుస్తకం భద్రపరచిన దగ్గరి బంధువుగా ఎరకయ్యే తేలాడు. నాలుగువందల పన్నెండు ఫారాలు అతని ముందు పెట్టారు. 'నా బంధువు ఎరకయ్య మరణాన్ని శిలపై చెక్కుటకు నాకు అభ్యంతరం లేదు.'

ఎరకయ్య మొండికేశాడు. "అప్ప పేరు రాత్తానంటేనే సంతకం పెడతాను."

చక్రధరరావుగారు ఉదారంగా తల ఊపారు. "ఆధారం తీసుకురండి, తప్పక రాస్తాం. మేము ఎవరికీ వ్యతిరేకులం కాము."

అతను మూడు రోజులు కూర్చుని అన్నిటి మీదా సంతకాలు పెట్టాడు. వేళ్లు కొంకర్లు పోయాయి. చిన్నప్పుడు పోస్టర్లు అతికిస్తూ నేర్చుకున్న అక్షరాలు అవి.

ఆధారం కోసం పరుగులు పెట్టింది హిమబిందే. ముందు ఓడరేవులో పాత ప్రయాణికుల జాబితా తీయించింది. అందులో 'సర్దార్ జబర్ ఖాన్, మరియు పరివారం ఇరవై ఇద్దరు' అని ఉంది. ఆ కాగితం చూసి డైరెక్టరుగారి ముఖం వెలిగింది.

"అంటే నూకరత్నంగారు ఓడ ఎక్కనే లేదు. ఓడ ఎక్కని మనిషి విదేశంలో మరణించే అవకాశం లేదు." ఎరకయ్య వైపు తిరిగి గొంతు తగ్గించారు. "బహుశా ఇంట్లోనే ఉండి ఉంటారండీ. ఎప్పుడైనా సరిగ్గా వెతికారా?"

హిమబిందు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

ఆమె వదల్లేదు. పినాంగు శ్మశానానికి ఉత్తరం రాసింది. రెండు నెలలకు జవాబు వచ్చింది. రిజిస్టరు దొరికిందట, తేదీ సరిపోయిందట. ఎరకయ్యను పిలిపించి, చదవమంటే చదవలేక కాగితం అతని చేతిలో పెట్టి కూర్చుంది. ఎవరడిగినా అనుమతి కాగితాల్లో ఉన్న పేరే చెప్పమని కొండలరాయుడు ఆనాడు అందరికీ చెప్పి ఉంచాడు. శ్మశానంలోనూ అదే చెప్పారు. 'సర్దార్ జబర్ ఖాన్. పురుషుడు. గుర్రపు రౌతు. పతనం వల్ల మరణం.'

మండలిలో ఆ రోజు పండగ. లిఖిత ఆధారం గల నిజమైన సరిహద్దు వీరుడు దొరికాడు. ఓడ జాబితాలో ఉన్నాడు, పోస్టరు మీద ఉన్నాడు, శ్మశానంలో కూడా ఉన్నాడు. ఇంతకంటే గట్టిగా ఉన్న మనిషి ఆ జిల్లాలోనే లేడు. డైరెక్టరుగారు వెంటనే కంచు విగ్రహానికి ఉత్తర్వులిచ్చారు. జబర్ ఖాన్ జయంతి ఎప్పుడో తేల్చడానికి ఇంకో ఉపసంఘం వేశారు. శిల్పి మీసం కొలత అడగడానికి ఎరకయ్య ఇంటికి వచ్చాడు.

"ఎంత లావుండేదండీ సర్దారుగారి మీసం?"

"గుర్రం తోకలో నాలుగు పోగులు. అంతే," అన్నాడు ఎరకయ్య. శిల్పి అది పొగడ్త అనుకుని రాసుకుని వెళ్లాడు.

ప్రారంభోత్సవం ఉదయం పది గంటలకు పెట్టారు. మంత్రిగారు పన్నెండున్నరకు వచ్చారు. గోడ నిండా ఎరకయ్య, ఎరకయ్య, ఎరకయ్య. మధ్యలో బలిసిన మీసంతో జబర్ ఖాన్. ఆ ముఖంలో అప్ప పోలిక ఎక్కడైనా ఉందేమోనని ఎరకయ్య చాలాసేపు వెతికాడు. చెవుల దగ్గర కూడా లేదు. వెనకాల పెరట్లో అతిథులకు పెసరట్లు వేస్తున్న వాసన వస్తోంది.

మంత్రిగారు నాడా చూశారు. దాన్ని నిరుడు బొబ్బిలిలో కొన్నారు. దీపాల పటం చూశారు. గోడ ముందు రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ మౌనంలో ఎరకయ్య కూడా తన ఆత్మశాంతి కోసం తల వంచుకుని నిలబడ్డాడు, పిలిచిన మర్యాదకు.

"మృతుని వారసులు కూడా ఆ కళలో ప్రవీణులేనని విన్నాం," అన్నారు డైరెక్టరుగారు మైకులో. "వారిప్పుడు మంత్రివర్యుల సమక్షంలో ఒక్క మరణాన్ని ప్రదర్శిస్తారు."

పరుపు పరిచారు. బ్యాండువాళ్లు మొదలుపెట్టారు. అందరూ ఫోన్లు పైకెత్తారు. ఎరకయ్య పరుపు వైపు చూశాడు. బ్యాండు వింటుంటే అతని మోకాళ్లు వాటంతటవే వంగబోయాయి. ఆ అలవాటు అంత గట్టిది. అప్పుడు అతనికి ఒళ్లు మండింది. అరవై ఏళ్లకు మొదటిసారి, బ్యాండు మోగుతుండగానే, అతను చావకుండా నిలబడ్డాడు.

"ఇయ్యాల పడను బాబూ," అన్నాడు.

పెరట్లోకి నడిచి వెళ్లి, పెసరట్ల పొయ్యి పక్కనుంచి చల్లారిన బొగ్గు ముక్క ఒకటి తీసుకుని వచ్చాడు. ఏదో ప్రదర్శనలో భాగమనుకుని జనం దారిచ్చారు. నల్లరాతి పలకల కింద తెల్లటి సున్నపు గోడ ఉంది. దాని మీద బారెడు అక్షరాలతో 'నూకరత్నం' అని రాశాడు. రాసి, కింద గీత గీశాడు.

బ్యాండు అప్పటికి ఆగింది.

మంత్రిగారు పెసరట్టు తినకుండా వెళ్లిపోయారు. చక్రధరరావుగారి ముఖం కందగడ్డలా అయింది. రక్షిత కట్టడాన్ని పాడుచేసినందుకు కేసు పెట్టమని అక్కడే ఉన్న ఎస్సైని పిలిచారు. ఎస్సై పేరు అడిగాడు. ఎరకయ్య చెప్పాడు. ఎస్సై గోడ వైపు చూశాడు, ఎరకయ్య వైపు చూశాడు, మళ్లీ గోడ వైపు చూశాడు.

"సార్, ఈయన మీద ఎఫ్ఐఆర్ రాస్తే మీ గోడే కోర్టులో మొదటి సాక్షి అవుద్ది. ముద్దాయి అరవయ్యేళ్ల కిందటే పోయాడంటారు. ఒకసారి కూడా కాదు. నన్ను ఇందులోకి లాగకండి," అని టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

"అయితే తుడిపించండి ఆ రాతను," అన్నారు డైరెక్టరుగారు.

బంట్రోతు తడిగుడ్డతో వచ్చాడు. హిమబిందు గోడకు అడ్డంగా నిలబడింది. చేతిలో నియమావళి ఉంది. "సార్, పంతొమ్మిదో నిబంధన. రక్షిత కట్టడం గోడ మీద అజ్ఞాతవ్యక్తి రాత కనబడితే, దాని కాలం, రాసినవారు ఎవరన్నది నిపుణుల సంఘం తేల్చేదాకా తుడపడం నేరం."

"అజ్ఞాతవ్యక్తి ఏమిటమ్మా? అందరం చూశాం కదా, రాసింది ఎరకయ్య."

"ఎరకయ్యగారు మరణించారు సార్. మీరే చెక్కించారు. ఆయన రాశారని మనం రాస్తే, నాలుగువందల పన్నెండు పంక్తులూ తప్పని రాసినట్టవుతుంది."

చక్రధరరావుగారి జీవితంలో మొదటిసారి ఒక నిబంధన ఆయనకు అడ్డం వచ్చింది. కళ్లతో చూసినదాన్ని నమ్మడమా, కాగితాన్ని నమ్మడమా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఆయన ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఏనాడూ తడబడలేదు. ఇప్పుడూ తడబడలేదు. బంట్రోతును వెనక్కి వెళ్లమన్నారు.

వారం లోపల ఆ బొగ్గురాతకు గాజు అద్దం బిగించారు. చుట్టూ ఇత్తడి గొలుసు కట్టారు. కాలమూ కర్తా తేల్చాల్సిన నిపుణుల సంఘంలో ఆ ఇద్దరు ప్రొఫెసర్లే ఉన్నారు కాబట్టి అది ఇప్పట్లో కూర్చోదు. పక్కన బోర్డు మీద ఇలా ఉంది: 'రాసినవారు తెలియదు. కాలం తెలియదు. ఈ పేరుగల వ్యక్తి గురించి ఎటువంటి సమాచారమూ లేదు.'

మ్యూజియానికి వచ్చేవాళ్లు నల్లరాతి గోడ ముందు ఎక్కువసేపు ఆగరు. ఒకే పేరు నాలుగువందల పన్నెండుసార్లు చదివే ఓపిక ఎవరికుంటుంది? మీసం పక్కన నిలబడి ఒక ఫోటో దిగి, గొలుసు దగ్గరికి వచ్చి ఆగిపోతారు. ఇత్తడి గొలుసు కట్టారంటే ఏదో ముఖ్యమైనదే అనుకుంటారు. అంత గోడ మీద ఒకే ఒక్క ఆడపేరు, అదీ బొగ్గుతో. "ఈవిడెవరండీ?" అని గార్డును అడుగుతారు.

తెలియని విషయం చెప్పడానికి గార్డుకు అధికారం లేదు. గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్న ముసలాయన వైపు చెయ్యి చూపిస్తాడు. ఎరకయ్య రోజూ పదింటికి వస్తాడు, తలుపులు మూసేదాకా ఉంటాడు.

"మా అప్ప," అంటాడు అతను, లేచి నిలబడి. "రెండు గుర్రాల మీద నిలబడీది."